ఎదురు నూగు

వెళ్ళారు. తలుపు మూసుకుంది, చెప్పుల చప్పుడు ఒక అంతస్తు దిగి ఆగింది, ఏదో మరిచిపోయానంటూ మళ్ళీ ఎక్కి వస్తారేమోనని ఊపిరి బిగబట్టాను, లేదు, దిగుతూనే ఉన్నారు, హమ్మయ్య. గుండెకి మరమ్మతు జరిగి ఆరు రోజులు, ఇంటికి వచ్చి మూడు రోజులు, ఈ మూడు రోజుల్లో నేను ఒక్కదాన్నే ఉన్నది స్నానాల గదిలోనే, అక్కడ కూడా గడియ వేసుకోకూడదట, ఆయన బయట నిలబడి రెండు నిమిషాలకోసారి ఉన్నావా అని అడుగుతారు, లేకపోతే ఎక్కడికి పోతాను, నీళ్ళతో పాటు తూములోకి జారిపోతానా? ముప్పై నాలుగేళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి మా ఆయన. రిటైరై ఏడేళ్ళయినా ఆ బస్సు ఇంకా ఆయన లోపల తిరుగుతూనే ఉంది. మాత్ర వేళయితే దిగాల్సినవాళ్ళు ముందుకు రండి అనే గొంతుతోనే లేపుతారు, సూపు గిన్నె ఖాళీ అయిందో లేదో టికెట్లు చూసినట్టు వంగి చూస్తారు, పలకరించడానికి వచ్చినవాళ్ళలో ఇద్దరికి మించి గదిలోకి రానివ్వరు, మొన్న మూడో ఆయన్ని వెనక బండిలో రమ్మన్నట్టు గుమ్మంలోనే ఆపేశారు. నా ఫోను కూడా ఆయన జేబులోనే ఉంది. సోమవారం మా కుట్టు షాపుకి ఫోను చేసి కోడలికి కాలరు ఎలా తిప్పాలో చెబుతూ కాస్త గొంతు పెంచాను, కాస్తే, అంతే, ఫోను లాక్కుని పది రోజులు నీకు సెలవు అన్నారు. ఇవాళ రక్తం పల్చబడే మాత్రలు అయిపోవస్తున్నాయని, అవి ఒక్క పూట కూడా మానకూడదని డాక్టరు నొక్కి చెప్పాడని, గంటలో వస్తానని వెళ్ళారు. వెళుతూ దిండు పక్కన తన పాత విజిలు పెట్టారు. ఏదన్నా తేడాగా అనిపిస్తే రెండుసార్లు ఊదు, ఎదురింటి పళ్ళ డాక్టరు పరిగెత్తుకొస్తాడు అన్నారు. రెండుసార్లు ఊదితే బస్సు పోతుంది కదండీ, ఒకసారి ఊదితే కదా ఆగేది అన్నాను. నిజంగానే ఆలోచనలో పడ్డారు పాపం, సరే ఒకసారే ఊదు అని వెళ్ళారు.

పది దాటి పది నిమిషాలు. ఈ గదిలో గడియారం ఇంత చప్పుడు చేస్తుందని ఇన్నేళ్ళుగా నాకు తెలియదు, పగటిపూట ఎప్పుడైనా నడుం వాలిస్తే కదా తెలిసేది. ఎండ కిటికీలోంచి వచ్చి పరదా అంచు మీద పడింది, ఆ అంచు కుట్టింది నేనే, దారం రంగు కలవలేదు, ఎన్నేళ్ళ నుంచి వేలాడుతోందో, ఊరందరి బట్టల్లో తప్పులు పట్టే కళ్ళకి ఇంట్లో పరదా ఆనలేదు. కుడి మణికట్టు దగ్గర కమిలిన మచ్చ మధ్యలో నల్లగా, చుట్టూ నీలంగా, అంచుల్లో పసుపుపచ్చగా ఉంది, ఇంత చక్కటి రంగుల కలయిక అద్దకం వాళ్ళకి కూడా కుదరదు. ఇక్కడి నుంచే వెళ్ళారు లోపలికి. గుండె అక్కడుంటే చేతిలోంచి వెళ్ళడమేమిటయ్యా అని అడిగాను బల్ల మీద పడుకుని. కత్తి పెట్టం అమ్మా, సన్నటి తీగ ఒకటి ఈ నరంలోంచి పంపిస్తాం, అది పూడిక ఉన్న చోటికి వెళుతుంది, అక్కడ చిన్న బుడగ ఊది దారి వెడల్పు చేసి, మళ్ళీ మూసుకోకుండా స్టెంటు అని ఒక జల్లెడ గొట్టం పెడతాం అన్నాడా డాక్టరు, మావాడి ఈడువాడే. ఓస్, పైజామాకి నాడా ఎక్కించడమేనా, ఆ ముక్క ముందే చెబితే ఇంత హడలిపోయేదాన్ని కాదు కదా అన్నాను. పక్కనున్న నర్సు నవ్వాపుకోలేక అటు తిరిగింది. వాళ్ళందరూ సీసం పెట్టిన బరువైన కోట్లు వేసుకున్నారు, లోపలి బొమ్మ తీసే కిరణాలు తగలకుండానట, ఆ కోటు బరువంతా భుజాల మీదే పడుతోంది, నడుం దగ్గర బెల్టు బిగిస్తే సగం బరువు తుంటి మీదికి పోతుంది, సాయంత్రానికి మెడ నొప్పి ఉండదు, అది కూడా చెప్పాను. నోరు ఊరుకోదు కదా. అసలు విషయం ఏమిటంటే భయం, చలిగా ఉన్న ఆ గదిలో నాకు చచ్చేంత భయం వేసింది, భయం వేస్తే నేను ఎదుటివాళ్ళ బట్టలకి వంక పెడతాను, పెళ్ళిచూపుల్లో ఈయన చొక్కా చంక బిగుతుగా ఉందన్నాను. అరగంటలో అయిపోయింది. కోతా లేదు, కుట్టూ లేదు. నలభై ఏళ్ళుగా ఆ రెండిటినే నమ్ముకుని బతికినదాన్ని ఆ రెండూ లేకుండానే బాగుచేసి పంపించారు, కాస్త చిన్నతనంగానే ఉంది.

ఈ దుప్పటి బాగుంది. కోడలు కొనుక్కొచ్చింది ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున, పిల్లి ఒంటి మీద ఉన్నట్టు మెత్తటి నూగు, కాళ్ళ వైపుకి నిమిరితే చెయ్యి జారిపోతుంది, తల వైపుకి నిమిరితే నూగు ఎదురు తిరిగి రంగు చిక్కబడుతుంది. ఇటు నిమిరితే లేత బూడిద, అటు నిమిరితే ముదురు బూడిద. ఇటు, అటు. పిల్లాట, బాగుంది, పనీ పాటూ లేని చెయ్యి ఇంకేం చేస్తుంది, బరువు ఎత్తొద్దన్నారు కానీ దుప్పటి నిమరొద్దనలేదుగా. ఇటు లేత, అటు ముదురు. వెల్వెట్ కూడా అంతే, అందుకే వెల్వెట్ కోసేటప్పుడు ముక్కలన్నీ ఒకే వైపుకి పెట్టి గీయాలి, ఏ ఒక్క ముక్క తలకిందులైనా కుట్టాక అది వేరే రంగు గుడ్డలా కనిపిస్తుంది, లైటు పడితే మరీను. మామూలు గుడ్డకి అయితే ఆ పట్టింపు లేదు. కోటు కింది ముక్కలు పైన సన్నం, కింద వెడల్పు, కాబట్టి ఒకటి నిలువుగా, పక్కది తలకిందులుగా పెడితే ఒకదాని సందులో ఒకటి ఇమిడి గుడ్డ కలిసొస్తుంది, నలభై ఏళ్ళుగా చెయ్యి చేసే పని అదే, చెయ్యి దానంతటదే తిప్పేస్తుంది. వెల్వెట్ దగ్గరే దాన్ని పట్టి ఆపాలి. మొన్న గురువారం మెజీషియన్ పెద్దాయన కోటుకి గీసినప్పుడు అలాగే ఆపి గీశాను. ఆపాను కదా? ఎనిమిది ముక్కలు, సన్న వైపులన్నీ గోడ వైపుకి. ఎనిమిదీ గీశాక గుడ్డ చివర జానెడు మిగలాలి, లెక్క అదే, ముందు కాగితం మీద రెండుసార్లు వేసుకున్నాను. మూరెడు మిగిలింది. మూరెడు మిగిలిందని సంతోషపడ్డాను కూడా, ఆ చెమటలో, ఆ ఆయాసంలో, చూశావా నా చేతి వాటం అని నాలో నేనే మురిసిపోయాను. జానెడు మిగలాల్సిన చోట మూరెడు ఎందుకు మిగులుతుందే పిచ్చిదానా? నాలుగో ముక్క. ఎడమ చెయ్యి గుంజేస్తుంటే ఆ చేతిని బల్లకి ఆనించి కుడి చేత్తో గీసిన ముక్క. దాన్ని తిప్పేశాను. నా చెయ్యి దాన్ని తిప్పేసింది.

పది ఇరవై. పదకొండింటికి వెల్వెట్ కోసేస్తానత్తయ్యా, శనివారానికి ఇవ్వాలి కదా అని చెప్పి వెళ్ళింది కోడలు పొద్దున, తల దువ్వుకుంటూ, నేనేమో ఇక్కడ పడుకుని మహారాణిలా, గీత దాటకు అన్నాను. దాటదు. అదే కదా నా గోల. ఆరేళ్ళు అదే నూరిపోశాను దానికి, గీసేది ఒకరు, కోసేది ఒకరు అయినప్పుడు కోసేవాళ్ళు ఆలోచించకూడదు, గీత ఎటుపోతే కత్తెర అటుపోవాలి, నేను గీసిన గీతకి తిరుగులేదు అని. మా షాపులో కట్టుబాటు అది. ఆరేళ్ళలో దానికి లైనింగు గుడ్డలు ఇచ్చాను, మామూలు నూలు ఇచ్చాను, ఖరీదైన గుడ్డ మీద మాత్రం కత్తెర పెట్టనివ్వలేదు. నిజం చెప్పుకోవాలంటే కాలరు నాకంటే బాగా కూర్చోబెడుతుంది, మొదటి ఏడాదే చూశాను, ఎవరికీ చెప్పలేదు, దానికి అసలే చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతుందనుకున్నాను, కాదు, నేను కిందికి దిగాల్సొస్తుందనుకున్నాను. ఇవాళ మొదటిసారి మంచి గుడ్డ మీద కత్తెర పెడుతోంది, అదీ నాకు జబ్బు చేస్తే వచ్చిన అవకాశం, అదీ నేను తప్పు గీసిన గుడ్డ మీద. ఆ ముదురాకుపచ్చ వెల్వెట్ ఇంకెక్కడా దొరకదు. నేసిన మిల్లు మూతపడి పదిహేనేళ్ళయింది, మెజీషియన్ పెద్దాయన తన ఆఖరి ప్రదర్శనకి వేసుకోవాలని ఇన్నాళ్ళూ పెట్టెలో దాచి తెచ్చాడు, పదకొండు రహస్యపు జేబులు పెట్టాలి, ఎక్కడెక్కడో నా చెవిలో చెప్పాడు, నేను కోడలి చెవిలో చెప్పాను, పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కానీ మా షాపులో దాటదు. అన్నీ దాచగల ఆ కోటులో తలకిందులైన ముక్క ఒక్కటే దాగదు, దీపాల వెలుగులో నడుం కింద వేరే గుడ్డ అతుకేసినట్టు కనిపిస్తుంది.

గుడ్డ పోతే పోతుంది, ఆయన కాళ్ళ మీద పడి చెప్పుకుంటాను, నా భయం గుడ్డ గురించి కాదు. పంతొమ్మిదేళ్ళప్పుడు నేను కోసిన మొదటి మంచి గుడ్డ నాకు గుర్తుంది, బూడిద రంగు ఉన్ని, కోటుకి రెండు చేతులూ కుడివైపువే కోశాను. గుడ్డ మడిచి కోయాలి, విడివిడిగా కోస్తే రెండోదాన్ని బోర్లించాలి, నేను మరిచిపోయాను. మా మాస్టరు తిట్టలేదు, తిట్టినా బాగుండేది. ఆ రెండు కుడి చేతుల్నీ షాపు గుమ్మంలో నెల రోజులు వేలాడదీశాడు, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అడుగుతుంటే నన్ను చూపించేవాడు. ఆ తర్వాత ఏడాదిన్నర నేను కత్తెర ముట్టలేదు, కాజాలు కుట్టాను, గుండీలు కుట్టాను, ఇస్త్రీ చేశాను, ముట్టాక కూడా ఇంకో అయిదేళ్ళు ప్రతి కోతకి ముందు అరచేతులు చెమటలు పట్టేవి. తప్పు కోసిన చేతికి భయం పట్టుకుంటుంది, అది గుడ్డ కొన్నంత తేలికగా పోదు. ఆ పిల్లకి ఆ భయం పట్టుకోకూడదు. దానిది భయం తెలియని చెయ్యి, చూస్తే ముచ్చటేస్తుంది, కత్తెర పట్టుకుంటే కాగితం మీద కాగితం జారినట్టు పోతుంది. పైగా తప్పు గీసింది అత్తయ్య అని అది నోరు విప్పి ఎవరికీ చెప్పదు, నాకు తెలుసు, నేనే సరిగా చూసుకోలేదు అంటుంది, పెద్దాయన ముందు తల దించుకుంటుంది, నేనేమో మంచం మీద యాపిలు ముక్కలు తింటూ ఉంటాను. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని దానికి కత్తెర ఇచ్చి దాని చెయ్యే విరగ్గొడుతున్నాను.

అసలు ఆ గురువారం కోడలు నన్ను అలా ఆసుపత్రికి ఈడ్చుకుపోకపోతే గుడ్డని మళ్ళీ చూసుకునేదాన్ని. గీసిన తర్వాత నీళ్ళు తాగి, కాస్త దూరంగా నిలబడి మొత్తం బల్లని ఒకసారి చూడటం నా అలవాటు, ఆ ఒక్క చూపులో తప్పులన్నీ దొరికిపోతాయి. ఆ రోజు దూరంగా నిలబడలేకపోయాను, స్టూలు మీద కూర్చుండిపోయాను. గ్యాస్ అనుకున్నాను. అందరూ గ్యాసే అనుకుంటారట, ఆ వార్డులో మేం ఎనిమిది మందిమి ఉంటే ఏడుగురిది గ్యాసే, ఒకావిడకి మాత్రం మెడ పట్టేసిందట. గుండీలు కొమ్మువి పెట్టాలా ఇత్తడివి పెట్టాలా అని అడగడానికి వచ్చింది కోడలు, బల్ల వైపు చూసింది, నా వైపు చూసింది, గుండీల డబ్బా అక్కడే పెట్టేసి రోడ్డు మీదికి వెళ్ళి టాక్సీని ఆపింది. నాకు ఒళ్ళు మండింది. సోడా తెమ్మంటే టాక్సీ తెస్తుందా? లైట్లు ఆర్పలేదు, ఇస్త్రీ పెట్టె తీగ పీకలేదు, ఆ వెల్వెట్ అలా బల్ల మీద దుమ్ము పడుతూ ఉండిపోయింది, దారి పొడుగునా తిట్టాను దాన్ని, నీకు తొందర ఎక్కువ, బుద్ధి తక్కువ అన్నాను, డ్రైవరు అద్దంలోంచి చూస్తున్నాడు, అది నా కుడి చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం అన్నాడు డాక్టరు ఆ సాయంత్రం. ఆ మాట విన్నాక కూడా నేను దానికి మంచి మాట ఒకటి చెప్పలేదు, ఇస్త్రీ పెట్టె ఆర్పావా అని అడిగాను. చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియక చెప్పలేదు, తిట్టడం అయితే మొదలుపెట్టనక్కరలేదు, అదే వస్తుంది.

పదిన్నర దాటింది. సరే, విజిలు. ఊదాను. ఒక్కసారి, గట్టిగా, గుండె ఏమంటుందోనని చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని. ఏమీ అనలేదు. ఎదురింటి నుంచి ఎవరూ రాలేదు. రెండోసారి ఊదాను, బస్సు పోతే పోయిందని. అయినా రారు. పదిన్నరకి పళ్ళు పీకేవాడు ఇంట్లో ఎందుకుంటాడు, తన ఆసుపత్రిలో ఎవడి నోట్లోనో ఉంటాడు, ఇంత ఏర్పాటూ చేసిన మా కండక్టరు గారికి ఆ సంగతి తట్టలేదు. కిటికీలోంచి చూస్తే రోడ్డు, రోడ్డు మీద కూరల బండి, బ్యాంకు గోడ, మా షాపు రెండు వీధుల అవతల, అరిస్తే వినపడదు, అసలు అరవకూడదు. లేచి కూర్చున్నాను. తల తిరగలేదు. బూట్లు ఎక్కడ? మంచం కిందికి తోసేశారు, కావాలనే తోశారు, వంగకూడదు కాబట్టి కాలితో లాగాను, లేసులు కట్టకుండానే తొడిగాను. రాత్రి గౌను మీద కోటు. కోటు నా చేత్తో కుట్టుకున్నదే, భుజం బాగా కూర్చుంది, ఆ ఒక్క సంగతిలో మాత్రం పోయేటప్పుడు కూడా మర్యాదగానే పోతాను. ఛీ, ఏం మాటలివి. మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయదు. మావాడు ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేస్తాడు, అదే వాడి ఉద్యోగం, మా లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ కంపెనీది కాదమ్మా ఇది అంటాడు, నాలుగు నెలలుగా అదే మాట. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు వాడూ వాళ్ళ నాన్నా నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకొచ్చారు. డాక్టరేమో వారం దాకా మెట్లు వద్దన్నాడు, ఆ తర్వాత కూడా మెల్లగా, ఒక్కో అంతస్తు అన్నాడు. నేను ఆరో రోజున యాభై నాలుగు మెట్లు దిగుతాను, రెండు వీధులు నడుస్తాను. నడవగలనా? నడవగలను. తలుపు తీశాను. మెట్ల మీద ఎవరో ఫినాయిలుతో తుడిచారు, ఇంకా తడి ఆరలేదు.

ఒకటి, రెండు, మూడు. మెట్ల కమ్మీ పట్టుకుని, ఎడమ చేత్తో, కుడి మణికట్టు మీద బరువు వేయకూడదు కదా. తొమ్మిది. మలుపు దగ్గరికి రాగానే గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది, మామూలుగా కాదు, చెవుల్లో, దవడల్లో, గొంతులో. నొప్పి లేదు. నొప్పి లేదు కదా? చెమట? నుదురు తుడుచుకుని చూశాను, తడి, చెమటా ఇది, భయమా? రెండిటికీ తేడా ఎలా తెలుస్తుందో ఆ డాక్టరు చెప్పలేదు. మెట్టు మీద కూర్చుండిపోయాను. పైకి తొమ్మిది, కిందికి నలభై అయిదు. ఈ ఆరు రోజులూ జోకులేశాను, నర్సుల మీద, సూపు మీద, మా ఆయన మీద, ఎవ్వరికీ చెప్పలేదు కానీ ప్రతి రోజూ నిద్ర పట్టే ముందు ఒక్క క్షణం అనిపిస్తుంది, ఆ జల్లెడ గొట్టం లోపల ఊడిపోతే, మూసుకుపోతే, నేను లేవకపోతే అని. చావంటే భయమే నాకు. అరవై ఒకటి అంటే ఏం వయసు, మా మాస్టరు ఎనభై రెండేళ్ళ దాకా కోశాడు. నాకింకా కోయాలని ఉంది, తినాలని ఉంది, మా ఆయన ముక్కు మీదికి జారే కళ్ళజోడు చూసి నవ్వాలని ఉంది, ఆ పిల్లకి ఆ ఒక్క మంచి మాట చెప్పాలని ఉంది. ఇప్పుడు లేచి నలభై అయిదు మెట్లూ దిగి ఏ వీధి మలుపులోనో పడిపోతే ఏమవుతుంది? గుడ్డ కోసం పోయింది మా అత్తయ్య, నేను కోస్తున్న గుడ్డ కోసం అని అది బతుకంతా మోస్తుంది. దాని చేతికి భయం పట్టుకోకూడదని బయలుదేరి ఇంతకంటే పెద్ద భయం పెడతానా? వద్దు. కోయనీ. పోతే పోనీ ఆ వెల్వెట్. సాయంత్రం అది రాగానే ముందు నేనే చెబుతాను, తప్పు నాది, గీత నాది, పెద్దాయనకి నేనే చెబుతాను, షాపు గుమ్మంలో ఏదన్నా వేలాడదీయాలంటే నన్ను వేలాడదీయండి అంటాను. అలా అనుకున్నాక ఊపిరి కాస్త కుదుటపడింది. కూర్చునే ఉన్నాను, లేవడానికి తొందరేమీ లేదు.

కింది నుంచి ఎవరో వస్తున్నారు, రెండేసి మెట్లు ఎక్కుతూ. ఆ నడక నాకు తెలుసు. కోడలు మలుపు తిరిగి నన్ను చూసి ఆగిపోయింది, ముఖం పాలిపోయింది, వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ముందు నా చెయ్యి పట్టుకుని నాడి చూసింది, తర్వాత నుదురు, తర్వాత కళ్ళు. నొప్పేమీ లేదమ్మాయ్, ఊరికే గాలికి వచ్చాను అన్నాను. లేసులు కట్టని బూట్ల వైపు, గౌను మీద కోటు వైపు చూసింది, గాలి సంగతి నమ్మినట్టు లేదు. మామయ్య షాపు మీదుగా వెళుతూ ఒక్కత్తే ఉందని మనసు పీకుతోందమ్మా, నువ్వొకసారి వెళ్ళి చూసి రా అని పంపించారట, విజిలు మీద ఆయనకే నమ్మకం లేదన్నమాట. నేను ఆ మాటలు వింటున్నాను గానీ నా కళ్ళు దాని చేతి మీదే ఉన్నాయి. మణికట్టు దగ్గర చొక్కా మడత మీద, ఛాతీ మీద, వెంట్రుకల్లో కూడా ఆకుపచ్చ పొట్టు. వెల్వెట్ కత్తిరిస్తే అంచు నుంచి ఆ నూగు రాలి ఒళ్ళంతా అంటుకుంటుంది, రెండు రోజులు వదలదు. కోసేసింది. పదకొండు దాకా ఆగలేదు, పొద్దున్నే కోసేసింది. నేను ఇక్కడ దిగాలా వద్దా అని కొట్టుకుంటున్నప్పటికే అయిపోయింది. సాయంత్రం దాకా దాచుకునే ఓపిక నాకు లేదు, ఉంటే నేను నేనెందుకవుతాను.

"అమ్మాయ్, నాలుగో ముక్క," అన్నాను. "తప్పు నాది. నువ్వు గీత మీదే కోశావు, నీ తప్పేం లేదు. నేనే దాన్ని..."

"తలకిందులుగా గీశారు," అంది, నా బూటు లేసు కడుతూ, తల ఎత్తకుండానే. "సుద్ద గీత బ్రష్షుతో చెరిపేసి తిప్పి గీసి కోశాను. జానెడే మిగిలింది, అత్తయ్యా. ఎనిమిది ముక్కలూ ఒక్క రంగే."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వస్తే ఈ గుండె తట్టుకుంటుందా అని మళ్ళీ భయం కూడా వచ్చింది. గీత దాటింది నా కోడలు. ఆరేళ్ళు నేను నూరిపోసిందంతా ఒక్క బ్రష్షుతో దులిపేసింది. నువ్వు నాకంటే బాగా కోస్తావే, కాలరు ఎప్పటి నుంచో బాగా పెడుతున్నావు, ఆ రోజు టాక్సీలో తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను, ఎలా మొదలుపెట్టాలో తెలియకపోయినా అదే వచ్చేసింది, తిట్టినట్టే గబగబా వచ్చింది. అది రెండో బూటు లేసు కడుతూ ఆగిపోయింది, కళ్ళు తుడుచుకుంది, బుగ్గ మీద ఆకుపచ్చ నూగు అంటుకుంది. ఇవాళ కోయబోతూ చూశావా అని అడిగాను.

"కాదు, గురువారమే. గుండీల కోసం వచ్చినప్పుడు." అప్పుడు తల ఎత్తింది. "మీ చెయ్యి వెల్వెట్ మీద తప్పు గీయడం నేనెప్పుడూ చూడలేదు, అత్తయ్యా. బల్ల మీద ఆ ముక్క చూశాక మీ ముఖం చూశాను. గ్యాస్ కాదని అప్పుడే తెలిసిపోయింది."

నర్సులూ, మందులూ, ఆ సీసం కోటు డాక్టరూ అందరూ తర్వాత. అందరికంటే ముందు నా జబ్బుని పట్టుకుంది ఇది, నా సుద్ద గీతలో పట్టుకుంది. అయినా నా నోరు ఊరుకోదు కదా.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"చెబితే, దాన్ని సరిచేసేదాకా మీరు టాక్సీ ఎక్కేవారా?"

ఎక్కేదాన్ని కాదు.